గట్టు మీది చరణం

“పాట అక్కడితో అయిపోదమ్మాయ్.”

“అయిపోయిందండి. నా ఫోన్లో ఉందండి, కావాలంటే మళ్ళీ వినండి. ‘దిగుతున్నా నీ ఎనకే పడవోడా’ అంటది, ఆగిపోతది. నీళ్ళలోకి దిగిపోయాక ఇంకేం పాడతదండి?”

“దిగిన మనిషి పైకొస్తుంది. వచ్చాక ఇంకో చరణం ఉంది.”

“ఎవరు చెప్పారండి మీకు?”

“మీ అమ్మే పాడింది. నా చెవులతో విన్నాను.”

“అమ్మగారూ, తప్పుగా అనుకోకండి. మా అమ్మ బురదలో వంగి పాడింది. మీరు గొడుగేసుకుని గట్టు మీద కూచున్నారు. మా అమ్మ పాట నాకు మీరు నేర్పుతారా అండి?”

షామియానా గుంజలు పాతుతున్న వాళ్ళు గునపం ఆపారు. నాతో అంత మాట ఆ పేటలో ఎవరూ అనలేదు. అన్నది తప్పూ కాదు. నేను గొడుగేసుకుని గట్టు మీద కూచున్న దాన్నే. అందుకే ఆ చరణం నాకు తెలుసు. అది గట్టు మీద పాడే చరణం. ఆ సంగతి చెప్పడానికి నోరు తెరిచేలోపు ఆ అమ్మాయి లోపలికి వెళ్ళిపోయింది.

లోపల ఫ్రీజర్ బాక్సులో ఆమె తల్లి ఉంది. ఆ ఉదయమే పోయింది. కూతురు కాకినాడలో రొయ్యల కంపెనీలో సూపర్‌వైజరు. కబురు తెలిసి, డ్యూటీ బట్టలతోనే దారిలో టౌనులో దిగి ఫ్లెక్సీ వేయించుకుని వచ్చింది. పైన తల్లి బొమ్మ, కింద ‘దిగుతున్నా నీ ఎనకే’ అని పెద్ద అక్షరాలు. మర్నాడు ఉదయం చర్చి గుడిలో ప్రార్థన అయ్యాక సమాధుల తోటకి వెళ్ళే దారంతా తల్లి గొంతుతో ఉన్న ఆ పాట స్పీకర్లో పెట్టాలని ఏర్పాటు. సమాధి రాయి మీద కూడా ఆ మాటే చెక్కమని రాళ్ళు చెక్కే అతనికి ఫోనులో చెప్పేసింది.

ఫ్లెక్సీ గురించి అయితే నేను నోరెత్తేదాన్ని కాదు. నాలుగు వానలకి అక్షరాలు వెలిసిపోతాయి. రాయి అలా కాదు. మా మునిమనవలు ఆ దారిన పోతూ చదువుతారు. ఎవరో ఒకావిడ మొగుడి వెనకాలే గోదాట్లో దిగి పోయిందట అనుకుంటారు. ఆవిడ అలా పోలేదు. మొగుడు పోయాక నలభై ఏళ్ళు బతికింది. చివరికి వీధి అరుగు మీద కూచుని, టీ గ్లాసు చేతిలో ఉండగా పోయింది. గ్లాసు కూడా ఒలకలేదట.

ఆవిడ పేరు నేను రాయను. ఊళ్ళో ఆ పేరుతో పిలిచిన వాళ్ళు లేరు. ఊడ్పులకి, అంటే వరినాట్లకి, ఆడవాళ్ళని కూర్చుకుని వచ్చే ముఠాకి పెద్ద కాబట్టి అందరూ మేస్త్రమ్మ అనేవారు. నాది నాలుగో తరగతితో ఆగిన చదువు. పొగడ్తలు రాయడం రాదు. చూసింది రాస్తాను.

పొట్టి మనిషి. మాట్లాడేటప్పుడు కుడిచెయ్యి వెనక్కి మడిచి నడుం మీద ఆనించుకుని, గడ్డం ముందుకి చాపేది. ఎదురుగా ఉన్నది కరణం గారైనా, పాస్టరు గారైనా, ఓట్లకొచ్చిన పెద్దమనిషైనా ఆ గడ్డం అంతే ఉండేది. మొహానికి బురద అంటితే చెంగుతో తుడుచుకోదు, మణికట్టు వెనక భాగంతో తుడుచుకుంటుంది. చెంగు ఉతకాలి, చెయ్యి కడిగితే చాలు అనేది. ఆ ఒక్క మాటతో నాకు నచ్చింది. చేలో దిగగానే వంగి అరచేత్తో నీళ్ళని మూడుసార్లు చరిచేది. పాములుంటే పోతాయని కాబోలు అనుకున్నాను చాలాకాలం. కాదట. ఇంటి కబుర్లన్నీ గట్టు మీదే వదిలేయమని ఆడవాళ్ళకి చెప్పడమట.

“ఆయ్, ఒక మాట మీదుండండి.” ఇది ఆవిడ ఊతపదం. పొద్దున్న ఈ మడి అని, మధ్యాహ్నం ఆ మడి అంటే నన్నూ అనేది. ప్రార్థన ఎనిమిదికని చెప్పి తొమ్మిదికి మొదలుపెడితే పాస్టరు గారినీ అనేది. వానని కూడా అనేది. ఒకసారి చినుకులు పడుతూ ఆగుతూ ఉంటే నడుం ఎత్తి ఆకాశం వైపు చూసి, “కురిస్తే కురువు, లేకపోతే ఊరుకో, ఒక మాట మీదుండు” అంది. అది జోకు కాదు. నిజంగానే మందలించింది.

మా ఆయన రైస్ మిల్లులో గుమాస్తా. చేను సంగతి నేనే చూసుకునేదాన్ని. నాకు ఏ వస్తువూ పారబోయడం ఇష్టం ఉండదు. నారుకట్టలు కట్టిన తాటాకు పీలికలు కూడా ఏరి ఇంటికి తెచ్చుకునేదాన్ని, పొయ్యి రాజేయడానికి పనికొస్తాయని. అలాంటి దానికి, ఇరవై మంది ఆడవాళ్ళు పాడుకుంటూ ఊడుస్తుంటే ఎలా ఉంటుంది? సగం బలం గొంతులోకి పోతోంది, చేతుల్లోకి రావడం లేదు అనిపించింది. మొదటి ఏడాదే చెప్పేశాను.

“పాటలాపి చేతులాడించండి.”

“ఆయ్, అలాగేనండి” అంది. ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

ఆ రోజు పాట లేదు. పాట లేకపోయేసరికి మాటలొచ్చాయి. ఒకామె కోడలి సంగతి మొదలుపెట్టింది, ఇంకొకామె వినడానికి ఆగింది. వరస వంకర పోయింది. ఒకరు నాలుగడుగులు వెనక్కి వెళ్ళేసరికి పక్కనామె ఇంకా అక్కడే ఉంది. మధ్యలో ఖాళీలు పడ్డాయి. రోజూ దీపాలవేళకి ముందే అయ్యే మడిలో సందెపడ్డాక కూడా ఓ మూల మిగిలిపోయింది. తెచ్చిన నారు బోదె కాలువలో పడేసి రాత్రంతా తడిగా ఉంచాల్సి వచ్చింది. మేస్త్రమ్మ నా వైపు చూడను కూడా చూడలేదు.

మర్నాడు నేనే అన్నాను, పాడుకోండి అని.

“నిన్న ఊరుకోమన్నారు. ఇయ్యాల పాడమంటన్నారు. రేపు మళ్ళీ ఊరుకోమంటే నా గొంతు నా మాట ఇనదండి. ఒక మాట మీదుండండి.”

“ఉంటాను. పాడు.”

ఊడ్పు చూడనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇప్పుడు మిషను ఊడుస్తోంది కాబట్టి చూసినవాళ్ళు తగ్గిపోయారు. ఊడ్చేవాళ్ళు ముందుకి నడవరు. వంగి, ఎడంచేతిలో నారు పట్టుకుని, కుడిచేత్తో గుచ్చుతూ వెనక్కి వెనక్కి జరుగుతారు. ఊడ్చినదంతా కళ్ళెదుట ఉంటుంది. పోవాల్సిన చోటు వీపు వెనక ఉంటుంది, కనబడదు. అందరూ ఒక్కసారి జరగాలంటే ఏదో ఒక గుర్తు కావాలి. ఆవిడ పాటలో ఆ గుర్తు ‘పడవోడా’ అనే మాట. ఆవిడ చరణం అందుకుంటుంది, మిగతావాళ్ళు తిరిగి అంటారు, ‘పడవోడా’ అనగానే ఇరవై జతల కాళ్ళు ఒక్క అడుగు వెనక్కి పడతాయి.

పాట కథ చిన్నదే. ఒక పిల్ల. ఆమెకొక పడవవాడు. ఏటికి అవతల లంకకి పోయి రాలేదు.

*సద్దికూడు కట్టాను, సందెదాక నిలిచాను,
రేవుమెట్టునడిగాను నీ జాడ, పడవోడా.*

*అద్దరిని నీ పడవ ఆగింది పడవోడా,
ఇద్దరిని నా పొద్దు ఆగదేమి పడవోడా.*

*నడియేట నీ గెడ తేలింది పడవోడా,
నడుమొంచి దిగుతున్నా నీ ఎనకే పడవోడా.*

అద్దరి అంటే ఏటికి ఆ గట్టు, ఇద్దరి అంటే ఈ గట్టు. గెడ అంటే పడవని తోసే వెదురుకర్ర. మనిషి రాలేదు, కర్ర తేలింది. ఆమె నీళ్ళలో దిగింది. మొదట్లో పాట అక్కడితో అయిపోయేది. అది నేను కాదనడం లేదు. ఆవిడ వాళ్ళ అమ్మ కూడా అక్కడిదాకానే పాడేదట.

మేస్త్రమ్మ మొగుడు మా రేవులో పడవ నడిపేవాడు. ఒక సార్వాలో, అంటే వానాకాలం పంటప్పుడు, వరద వచ్చింది. లంకలో మిగిలిపోయిన ఇద్దరు ముసలివాళ్ళని తేవడానికి వెళ్ళాడు. ముసలివాళ్ళు ఏదో చెట్టు పట్టుకుని బతికారు. అతను దొరకలేదు. పడవా దొరకలేదు. మూడో రోజున గెడ ఒక్కటే రెల్లుదుబ్బుల్లో తట్టుకుని కనబడింది. ఆవిడే మొలలోతు నీళ్ళలో దిగి తెచ్చుకుంది. అప్పటికి కూతురికి మూడేళ్ళు.

పాటలో ఉన్నట్టే జరిగిందని ఊరంతా చెప్పుకుంది. ఇక ఆ పాట పాడదులే అనుకున్నాం. రెండో పంటకి, దాళ్వా ఊడ్పులకి, ముఠాతో వచ్చింది. గట్టు మీద నన్ను చూసి రోజూలాగే గడ్డం చాపి, “ఏ మడి అండి ముందు?” అంది. చేలో దిగింది. నీళ్ళు మూడుసార్లు చరిచింది. ఆ పాటే అందుకుంది.

మూడో చరణానికి వచ్చేసరికి ఆడవాళ్ళ గొంతులు పోయాయి. కొందరు వంగినవాళ్ళు వంగినట్టే ఏడ్చారు. వరస ఆగిపోయింది. ఆవిడ కళ్ళ నీళ్ళు కూడా మడి నీళ్ళలో పడడం నేను చూశాను. అలా చూస్తూ కూచున్నాను తప్ప గట్టు దిగలేదు.  ఆవిడే మణికట్టుతో మొహం తుడుచుకుని, నీళ్ళు మళ్ళీ మూడుసార్లు చరిచి, మొదటి చరణం నుంచి ఎత్తుకుంది. కాళ్ళు కదిలాయి. మడి అయిపోయింది.

అందరూ బోదెలో చేతులు, కాళ్ళు కడుక్కుని గట్టెక్కారు. ఆవిడ చివర ఎక్కింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఊడ్చిన మడి వైపు తిరిగి నిలబడింది. నాకు నాలుగడుగుల దూరం. అప్పుడు పాడింది, వంగి కాదు, నిలబడి.

*నీ గెడ తెచ్చాను, దండెం కట్టాను,
నా తడిసీర ఆరేశాను పడవోడా.
పొద్దెక్కి పోతంది, పనికెల్లి వస్తాను,
నువ్వుంటే ఉండక్కడే పడవోడా.*

 పక్కనున్న మరియమ్మ, ఎప్పుడూ ఆవిడ పక్క వరసే పట్టేది, నోటి మీద చెయ్యి వేసుకుంది. “ఏంటే ఇది? పోయినోడి గెడ మీద చీరారేసుకుంటావా?”

“మరేం చెయ్యనే? పొయ్యిలో పెట్టనా?”

“ఎవరు కట్టారు ఈ చరణం?” అని నేనడిగాను.

“ఎవరు కడితే ఏంటండి. చీర ఆరిందా లేదా, అదండి కావాల్సింది.”

వాళ్ళ ఇంటి వైపు వెళ్ళినప్పుడు చూశాను. దొడ్లో రెండు పంగల గుంజల మీద ఆ వెదురుకర్ర అడ్డంగా ఉంది. ఒక చివర నీటిలో నాని నల్లబడి ఉంది. చేతులు పట్టిన మేర నున్నగా అరిగి ఉంది. దాని మీద చీర, చంటిపిల్ల గౌను ఆరుతున్నాయి. అంత మంచి వెదురు వృథా కాకూడదు. నేనైనా అదే చేసేదాన్ని. ఆ ఊళ్ళో ఆవిడ చేసిన పనిని మెచ్చుకున్నది నేనొక్కదాన్నేనేమో. కొందరు అదేం మనిషి అన్నారు. ఆమెకి బెంగ లేదన్నారు. ఆ అన్నవాళ్ళలో మా అత్తగారు కూడా ఉన్నారు.

ఆ రోజు నుంచి ప్రతి ఊడ్పుకీ ఆ చరణం ఉంది. కానీ గట్టు మీదే. చేలో వంగి ఎప్పుడూ పాడలేదు. మడి పూర్తయి, చేతులు కడుక్కుని, గట్టెక్కాకే.

ఇంకొక సంగతి రాయకపోతే అబద్ధమవుతుంది. మా ఇంట్లో ఆవిడకి టీ ఇచ్చే గ్లాసు వేరుగా ఉండేది. దొడ్డి గుమ్మం పక్కన గూట్లో బోర్లించి ఉండేది. ఆవిడ తాగి, తనే కడిగి, అక్కడే పెట్టి వెళ్ళేది. అది తప్పని ఎవరూ చెప్పలేదు, నేనూ అనుకోలేదు.

మా ఆయన చనిపోయిన ఏడాది సార్వాకి నారు పోసి ఉంది. నన్ను మూల కూచోబెట్టారు. వెనకగదిలో చాప మీద. మూడు నెలలదాకా గడప దాటకూడదని, ఎదురు రాకూడదని మా ఆడపడుచు కాపలా. కిటికీలోంచి వాన కనబడేది. ఎవరొచ్చినా ఏడవాలి. ఏడ్చి ఏడ్చి, ఏడుపు రాని పూట కూడా ఏడ్చేదాన్ని, వచ్చినవాళ్ళు ఏమనుకుంటారోనని. అలా పద్నాలుగో రోజో పదిహేనో రోజో దొడ్డి వైపు కిటికీ దగ్గర గడ్డం కనబడింది.

“అమ్మగారూ, నారుకి ఇరవయ్యెనిమిది రోజులొచ్చేసినయ్యండి. ఇంకో వారం పోతే గడ్డికి తప్ప పనికిరాదండి.”

“నేను మూల కూచున్నానే. ఎలా వస్తాను?”

“మూలే కదండీ కూచోవాలి. చేనుకి నాలుగు మూలలున్నయ్యి. ఏ మూల కావాలో చెప్పండి, అక్కడ పీట ఏయిస్తాను.”

మా ఆడపడుచు లోపల్నుంచి వచ్చింది. “ఏంటే ఆ మాటలు? ఆవిడ బయటికొస్తే లోకం ఏమంటుంది?”

“లోకం వచ్చి ఊడుస్తదా అండి? ఊడిస్తే నేను ముఠాని ఇంకో చేలోకి తోలుకుపోతాను. ఒక మాట చెప్పండి.”

నేను చాప మీంచి లేచాను. మా ఆడపడుచు ఆ తర్వాత రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. చేను ఈశాన్యం మూల పీట వేసుకుని, గొడుగు వేసుకుని కూచున్నాను. ఆ రోజు మడి అయ్యాక ఆవిడ గట్టెక్కి ఆ చరణం పాడింది. చేను వైపు చూస్తూ కాదు. నా వైపు తిరిగి పాడింది. ‘పొద్దెక్కి పోతంది, పనికెల్లి వస్తాను’ దగ్గర గొంతు కొంచెం పెంచింది. నాకు అర్థమవడానికి అప్పటికి ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ పాట పోయినవాడి కోసం ఏడవద్దని చెప్పదు. మూడు చరణాలూ ఏడుపే. నాలుగోది పోయినవాడితో తగువు. నువ్వు రాకపోతే పోయావు, నీ కర్ర నాకిచ్చి పో, నాకు పనుంది అని. ప్రేమ లేనివాళ్ళతో ఎవరూ అలా తగువాడరు. నేను మా ఆయనతో ఇవాళ్టికీ ఆడుతూనే ఉన్నాను.

గూట్లో గ్లాసు ఆ వారమే తీసి, మిగతా గ్లాసుల్లో కలిపేశాను. గొప్ప పని చేశానని రాయడం లేదు. ఆలస్యంగా చేశాను.

మరి ఆ చరణం ఫోనులో ఎందుకు లేదంటే, దానికి కారణం ఉంది. మిషన్లు రావడానికి ముందు ఏడాది రాజమండ్రి నుంచి ఒక లెక్చరర్ గారు వచ్చారు, పాటలు పోగుచేస్తున్నానని. మంచి మనిషే. స్టాండు మీద ఫోను పెట్టి మూడు గంటలు ఎండలో నిలబడ్డారు. మడి అయిపోయి ఆడవాళ్ళు బోదెలో దిగి చేతులు కడుక్కోవడం చూసి, పాట అయిపోయిందనుకుని ఫోను కట్టేశారు. ఆటో వచ్చి హారను కొడుతోంది. వాళ్ళు గట్టెక్కేసరికి లెక్చరర్ గారు ఆటో ఎక్కేశారు. ఆ రికార్డే తర్వాత అందరి ఫోన్లలోకీ వచ్చింది. కూతురి ఫోన్లోకీ వచ్చింది. తల్లి ఆ పిల్లని అయిదో ఏటనే హాస్టల్లో వేసింది. ఒక్కనాడూ మడిలో దిగనివ్వలేదు. అందుకని తల్లి పాటని ఆ అమ్మాయి ఫోన్లో తప్ప వినలేదు.

ఇదంతా ఆ సాయంత్రం ఆమె మళ్ళీ బయటికొచ్చాక చెప్పాను. ఓపిగ్గా వింది.

“నాకు మా నాన్న మొహం గుర్తులేదండి” అంది. “ఫొటో కూడా లేదండి. నాకు నాన్నంటే ఈ పాటేనండి. అమ్మ ఆయన కోసం ఎంత ఏడ్చిందో పదిమందికీ తెలియాలని ఇదంతా చేస్తున్నాను. మీరొచ్చి దీంట్లో దండేలు, చీరలు కలపొద్దండి.”

“ఏడ్చింది. కాదనడం లేదు. ఏడ్చి పనికెళ్ళింది. ఆ రెండోది ఎగరగొట్టి రాయి మీద మొదటిదే చెక్కితే అది మీ అమ్మ కాదు, ఇంకెవరో.”

“సాక్ష్యం ఉందా అండి?”

మరియమ్మ అక్కడే అరుగు మీద కూచుని ఉంది. ముఠాలో మంచి గొంతున్న వాళ్ళలో మిగిలింది ఆమే. నడుం పూర్తిగా వంగిపోయింది. “మరియమ్మా, గట్టు మీద చరణం చెప్పు” అన్నాను.

మరియమ్మ ఆలోచించింది. పెదవులు కదిపింది. వేళ్ళు కూడా గుచ్చుతున్నట్టు ఆడించింది. “నడుమొంచి దిగుతున్నా నీ ఎనకే” అని ఆగింది. మళ్ళీ మొదటికి వెళ్ళింది. మళ్ళీ అక్కడే ఆగింది.

“అంతేనండి. ఆ తర్వాతది రావటం లేదండి.”

“రావటం లేదా, లేదా?”

“ఏమోనండి అమ్మగారూ. కూచుని అడిగితే నాకేం తెలుస్తదండి.”

కూతురు నన్ను చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు, జాలి ఉంది. పెద్దావిడ, మతి తప్పింది అన్నట్టు. ఫ్లెక్సీకి కర్ర కావాలని ఎవరో అడిగితే దొడ్లో దండెం తీసుకోమంది.

“అది ఏంటనుకున్నావమ్మాయ్? అదే మీ నాన్న గెడ.”

“దండెం అండి. పుట్టిందగ్గర్నుంచీ చూస్తున్నాను. దాని మీద నా యూనిఫాం ఆరేసేది అమ్మ.”

పంగల గుంజల మీంచి దాన్ని దింపి ఫ్లెక్సీ కట్టారు. నేను ఇంటికి వచ్చేశాను. ఓడిపోయి వచ్చాను. దాన్ని వేరే మాటతో చెప్పను.

మర్నాడు ఉదయం గుడిలో ప్రార్థన అయింది. పాస్టరు గారు పాటకి అడ్డు చెప్పలేదు. సమాధుల తోట మా చేనుకి అవతల ఉంది. చేను గట్టు మీదుగానే దారి. బోదె మీద వేసిన తాటిపట్టె పోయిన నెల విరిగిపోయింది, ఎవరూ మళ్ళీ వేయలేదు. కాబట్టి అందరూ నీళ్ళలో దిగి గట్టెక్కాల్సిందే. ముందు ఫ్లెక్సీ కట్టిన కర్ర, దాని వెనక స్పీకరు, తర్వాత పెట్టె, ఆ వెనక కూతురు, జనం. మిషను ఊడ్చిన చేను అప్పుడే పచ్చబడుతోంది.

స్పీకర్లో ఆవిడ గొంతు. ‘నడుమొంచి దిగుతున్నా నీ ఎనకే పడవోడా.’ పాట అయిపోయింది. స్పీకరు పట్టుకున్నతను మళ్ళీ మొదట్నుంచి పెట్టడానికి ఫోను తడుముకుంటున్నాడు.

నా ముందు మరియమ్మ బోదెలో దిగింది. దిగి, ఆగి, వంగిన నడుంతోనే రెండు చేతులూ నీళ్ళలో ముంచి మోచేతులదాకా కడుక్కుంది. బురదేమీ లేదు ఆ చేతులకి. నేను చెయ్యి అందించాను. పట్టుకుని గట్టెక్కింది. ఎక్కి, నడుం మీద చెయ్యి వేసుకుని, ఎంతవరకు లేస్తే అంతవరకు నడుం ఎత్తి చేను వైపు తిరిగింది.

*నీ గెడ తెచ్చాను, దండెం కట్టాను,*

నేను అడగలేదు. ఎవరూ అడగలేదు. వెనకాల పాత ముఠాలోని ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు గట్టెక్కుతూనే అందుకున్నారు. *నా తడిసీర ఆరేశాను పడవోడా.* ముగ్గురూ ఒక్క అడుగు వెనక్కి వేశారు. వెనకవాళ్ళు తప్పుకున్నారు. పెట్టె మోస్తున్నవాళ్ళు భుజాలు మార్చుకోకుండా నిలబడిపోయారు.

*పొద్దెక్కి పోతంది, పనికెల్లి వస్తాను,
నువ్వుంటే ఉండక్కడే పడవోడా.*

పాట అయింది. కూతురు ఎదురుగా ఉన్న ఫ్లెక్సీని చూడడం లేదు. దాన్ని కట్టిన కర్రని చూస్తోంది. ముందుకి వెళ్ళి ఆ కర్ర పట్టుకున్నతని చేతిలోంచి తీసుకుంది. నల్లబడిన చివర చూసింది. నున్నగా అరిగిన చోట చెయ్యి పెట్టి చూసింది. అక్కడ్నించి సమాధుల తోట దాకా ఆ కర్ర తనే మోసింది. స్పీకరు మళ్ళీ పెట్టలేదు.

మట్టి వేయడం అయ్యాక రాళ్ళు చెక్కే అతనికి ఫోను చేసింది. “నిన్న చెప్పిన లైను వద్దండి. ఇంకోటి చెప్తాను, రాసుకోండి” అని మరియమ్మ వైపు తిరిగింది. మరియమ్మ అప్పటికే ఒక రాయి మీద చతికిలబడింది. చరణం మళ్ళీ రాలేదు. అప్పుడు నన్నడిగింది.

“మీరు చెప్పండి అమ్మగారూ.”

ఆఖరి ముక్క ఒక్కటీ చెప్పాను. రాయి చిన్నది, అంతే పడుతుంది. ‘నువ్వుంటే ఉండక్కడే, పడవోడా.’

“పాస్టరు గారు ఏమంటారోనండి.”

“ఏమీ అనరు. ఒక మాట మీదుండు.”

ఆ మాట నా నోట వచ్చేసరికి ఆ అమ్మాయి నా మొహం చూసి, మొదటిసారి ఏడ్చింది.

ఇంటికి తిరిగొచ్చాక ఫ్లెక్సీ విప్పి, కర్రని మళ్ళీ పంగల గుంజల మీద పెట్టింది. తల్లి ఒంటి మీంచి తీసిన చీర బకెట్లో నానుతోంది. ఉతికి, పిండి, ఆరేసింది. ఫ్లెక్సీ ఏం చేయాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడితే, అక్షరాలు అడుక్కి పెట్టి ధాన్యం మీద కప్పుకుంటానని నేను తెచ్చుకున్నాను. మంచి దళసరి పట్టా.

అప్పటికి బాగా పొద్దెక్కింది. చేనుకి నీళ్ళు వదిలే వంతు మాది. వెళ్ళాను.